ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు

విద్యార్థులారా! పూనా నగరమునకు నీరిచ్చు ఖడక్‌వాస్లా జలాశయమును మీలో కొందరు చూచియుందురు. 1903లో దాని అలుగుపై, వరద పెరిగినప్పుడు తమంతట తెరచుకొని, తగ్గినప్పుడు మూసికొను తలుపులను అమర్చిన ఇంజనీరు తెలుగింటి బిడ్డ. ఆనకట్ట యెత్తు పెంచకయే ఎక్కువ నీటిని నిలుపు ఉపాయమది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగుసీమలోని మోక్షగుండము నుండి మైసూరు రాజ్యమునకు వలసపోయిరి. మన పెద్దలు మగ్గములతో షోలాపూరు చేరినట్లే వారును పరభాషా ప్రాంతమున స్థిరపడిరి; ఇంట తెలుగు విడువలేదు. ఆయన 1861 సెప్టెంబరు 15వ తేదీన ముద్దేనహళ్ళియందు జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు పట్టభద్రులైరి. తరువాత మైసూరువారి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షయందు ప్రథములై, 1884లో బొంబాయి ప్రభుత్వమున సహాయ ఇంజనీరుగా చేరిరి.

రైలుపట్టా విరిగినదని ముందే గ్రహించి ఆయన గొలుసు లాగిన కథ మీరందరు వినియే యుందురు. దానిని నేనిచట చెప్పను. అంతగా వినబడని ధూళియా ముచ్చటయే మనకు ఎక్కువ ఉపయోగము.

ఖాందేశమున పాంజరా నదీపాయ క్రిందుగా గొట్టపు కాలువ నిర్మించు పని ఆయనకు అప్పగింపబడెను. వానలు ముంచుకొని వచ్చి, త్రవ్విన గోతులు ఇసుకతో పూడుచుండెను, ఖర్చు పెరుగుచుండెను. వర్షకాలము గడచువరకు పని నిలుపుట మేలని ఆయన పై అధికారికి వ్రాసిరి. ఆ అధికారి దానిని హెచ్చరికగా గ్రహింపక, ఆజ్ఞను తప్పించుకొను ప్రయత్నముగా తలంచి మందలించెను. ఉద్యోగమున చేరి ఎంతో కాలము గాని యువకునకు అది చిన్న దెబ్బ కాదు. ఆయన పని సాగించి, వరదలతో పెనగులాడి ముగించిరి. పిమ్మట అదే అధికారి ఆయన శ్రమను మెచ్చుకొనెను.

ఈ కథను విధేయతకు దృష్టాంతముగా చెప్పుట కలదు. నాకట్లు తోచదు. పని ముగిసినది గాని, నదిని గూర్చి ఆ యువకుడు వ్రాసినది అబద్ధము కాదు. పై అధికారి వ్రాయు అభిప్రాయముపై ముందటి బ్రతుకు ఆధారపడు చోట, చిక్కును తెలుపుటయే చేతగానితనమను అపవాదమునకు తావిచ్చును. మన వాడలో పడుగుపోగు తెగుట చూచియు, కూలి తగ్గునని, కార్ఖానాదారు కోపించునని మగ్గము నాపని వారు లేరా? బట్ట చెడిన తరువాత గాని సంగతి బయటపడదు. ఇంజనీరు మౌనమునకు మూల్యము గజములలో గాక ప్రాణములలో లెక్కకు వచ్చును.

బొంబాయి కొలువున ఆయన త్వరత్వరగా పైకి వచ్చిరి. కాని ప్రధాన ఇంజనీరు పదవి భారతీయునకు దక్కదని గ్రహించి 1908లో ఆ కొలువు విడిచిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెను. నైజాము ప్రభుత్వము ఆయనను పిలిచెను. నదికి ఎగువనున్న చెరువులు అనేకము తెగి వరదను మరింత పెంచినవని ఆయన తేల్చిరి. నగరమునకు పైన జలాశయములు కట్టవలెనని సూచించిరి. నేటి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులు ఆ సూచన ఫలములే.

1909లో మైసూరు ప్రధాన ఇంజనీరైరి. కావేరిపై కన్నంబాడి ఆనకట్ట ప్రణాళికను సమర్పింపగా, అంత ధనము వెచ్చించుటకు ప్రభుత్వము వెనుదీసెను. నెలలు గడచినవి. ఆయన ఉత్సాహము చల్లారి కొలువు విడుచు తలంపున నుండగా, మహారాజు కృష్ణరాజ ఒడయరు ఆ సంగతి నెరిగి కారణమడిగిరి. ఆయన మనసులోని మాట దాచలేదు. 1911లో అనుమతి లభించెను. అడిగి వినెడి ప్రభువు దొరకుట ఆయన అదృష్టమనవలెను. ధూళియాలో దొరకనిది అదియే.

మద్రాసు ప్రభుత్వము 80 అడుగుల కట్టకు మాత్రమే సమ్మతించెను. ఆయన 124 అడుగుల కట్టకు తగిన వెడల్పుతో పునాది వేయించిరి. దీనిని దూరదృష్టి యని మైసూరువారు పొగడుదురు. తంజావూరు రైతుల భయమును గూడ తలంచినచో ఆ పొగడ్త కొంత తగ్గింపక తప్పదు. ఆ తగవు 1924 ఒడంబడికవరకు సాగెను.

1911లో, ఆయన ప్రోత్సాహముననే, మైసూరు ఆర్థిక సమ్మేళనము ఏర్పడెను. అధికారులును ప్రజలును ఒకచోట గూర్చుండి లోపములను ముచ్చటించుకొను సభ యది. 1912లో దివానులైరి. ఉద్యోగములలో వెనుకబడిన వర్గములకు ప్రత్యేక స్థానములు కేటాయించు విషయమున మహారాజుతో భేదించి 1918లో పదవి త్యజించిరి. ఆ విషయమున ఆయన వాదము నాకు సమ్మతము కాదు. కాని భేదమును దాచి పదవిని పట్టుకొని వ్రేలాడలేదు.

1955లో భారతరత్న బిరుదము నిచ్చుటకు పూనుకొన్నప్పుడు, అందుకొన్నంత మాత్రమున ప్రభుత్వమును పొగడజాలనని ఆయన ప్రధాని నెహ్రూగారికి ముందుగనే తెలిపిరి. అట్టి నియమము లేదని నెహ్రూగారు బదులు వ్రాసిరి. 1962 ఏప్రిలులో, నిండు నూరేండ్ల ప్రాయమున, బెంగుళూరునందు కన్నుమూసిరి. ఆయన సమాధి ముద్దేనహళ్ళియందు గలదు.