తీరికలేని సేవకుని తరగని ధనము
(విలియం కేరీ జీవితము)

చదువవలసిన భాగములు: లూకా 10:38–42, మత్తయి 6:19–21

ఖరగ్‌పూర్ పట్టణమందలి ఝపటాపూర్‌లో కాపురమున్న తెలుగు కుటుంబములకు గడియారమే యజమానుడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన పెద్దలు వర్క్‌షాపులోను యార్డులోను చెమటోడ్చిరి. వారి పిల్లలకును మనుమలకును అదే పరుగు వారసత్వమాయెను. డ్యూటీ, ఓవర్‌టైము, పిల్లల పరీక్షలు, స్వగ్రామములో కట్టుకొనవలసిన యిల్లు! ఆదివారమున ఆరాధనలో కూర్చున్నను మనస్సు రేపటి షిఫ్టును లెక్కించుచుండును. ఇన్ని పనులు గలవాడు ప్రభువు పాదములయొద్ద ఎప్పుడు కూర్చుండగలడని మనలో అనేకులు నిట్టూర్చుచున్నారు.

ఈ ప్రశ్నకు తన జీవితముతో ఉత్తరమిచ్చిన యొక దైవజనుని సమాధి మనకు దూరమున లేదు. రైలెక్కి హౌరా చేరి, అచ్చటనుండి హుగ్లీ నది పడమటి గట్టున సుమారు 20 కిలోమీటర్లు పోయినచో శ్రీరామపురము వచ్చును. విలియం కేరీ నిద్రించుచున్నది అచ్చటనే.

కేరీ 1761 ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామములో ఒక నేతగాని యింట జన్మించెను. బాల్యములోనే చెప్పులు కుట్టు పనికి కుదిరెను. తోలు కుట్టుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను నేర్చుకొనెను. తరువాత ఒక చిన్న సంఘమునకు కాపరియైనను, జీతము చాలక బడి చెప్పుచు, చెప్పులు కుట్టుచు కుటుంబమును పోషించెను. అతని గోడమీద లోకపటము వ్రేలాడుచుండెను. సువార్త వినని దేశములను చూచుచు అతడు ప్రార్థించుచుండెను. 1792 అక్టోబరు 2న కెటరింగు పట్టణములో కొందరు పేద కాపరులు కూడి బాప్టిస్టు మిషనెరీ సంఘమును స్థాపించిరి. ఆ దినమున వ్రాయబడిన చందా పదమూడు పౌనులకు కొంచెము మించినది మాత్రమే. మరుసటి సంవత్సరము నవంబరు 11న కేరీ కుటుంబముతో కలకత్తా చేరెను.

1794లో మాల్దా ప్రాంతమున మద్నాబతిలో నీలిమందు కర్మాగారమునకు అతడు నిర్వాహకుడాయెను. నెలకు 200 రూపాయల జీతము దొరకగానే, ఇక తన పోషణకు డబ్బు పంపవద్దనియు, దానిని వేరొక దేశపు సేవకు వాడుడనియు స్వదేశములోని సహోదరులకు వ్రాసెను. పగలు కర్మాగారములో శ్రమించి, మిగిలిన వేళలలో బంగాళీ భాషలోనికి లేఖనములను తర్జుమా చేయుచుండెను.

ఆ యింట కన్నీరు లేకపోలేదు. అయిదేండ్ల కుమారుడు పేతురు అక్కడనే మరణించెను. భార్య డోరతీ మనోవ్యాధికి లోనై, 1807లో మరణించువరకు బాధపడెను. తండ్రి పనులలో మునిగియుండగా కుమారులు అదుపు లేక పెరుగుచుండిరి; శ్రీరామపురములో హన్నా మార్ష్‌మన్, విలియం వార్డు అను తోటి సేవకులు వారిని చేరదీసి దిద్దిరి. దైవజనుల లోపములను దాచుట మనకు మేలు కాదు. దేవుని పనియే యైనను, యింటివారికి చెందవలసిన వేళను అది మ్రింగివేయవచ్చును.

1800 జనవరి 10న కేరీ డేనిష్‌వారి పాలనలోనున్న శ్రీరామపురము చేరెను. అచ్చట మిషనెరీ కుటుంబములన్నియు ఒకే బల్లయొద్ద భుజించుచు, సంపాదన యావత్తు ఒకే పెట్టెలో వేయుచుండిరి. 1801లో కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో కేరీకి ఉపాధ్యాయ పదవి లభించెను. మొదట నెలకు 500 రూపాయలు, పిమ్మట ఆచార్యుడైనప్పుడు 1,000 రూపాయలు వచ్చెను. ఆ కాలమున అది గొప్ప ధనము. అయినను అతడు ఇంటి ఖర్చునకును, కళాశాలకు తగిన బట్టలకును కొద్ది మొత్తము మాత్రము ఉంచుకొని, మిగిలినదంతయు ఆ ఉమ్మడి పెట్టెలో వేసెను. బైబిలు అచ్చునకు కాగితమును, అక్షరములును ఆ పెట్టెనుండియే వచ్చెను.

మన తెలుగు భాషయు ఆ పెట్టెకు ఋణపడియున్నది. విశాఖపట్టణములో శ్రమించిన డెగ్రాంజిస్ తర్జుమా చేసిన తెలుగు సువార్తలు శ్రీరామపురముననే అచ్చుపడెను. కేరీ స్వయముగా తెలుగు వ్యాకరణమును వ్రాసెను. అయితే 1812 మార్చి 11 రాత్రి అచ్చుకూటము అగ్నికి ఆహుతియాయెను. కాగితము, అనేక భాషల అక్షరములు, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి, సంవత్సరముల కష్టమంతయు ఒక్క రాత్రిలో బూడిదయైపోయెను. కలకత్తాలోనుండి వచ్చి ఆ శిథిలములను చూచి కేరీ కన్నీరు విడిచెను.

ఆ ఆదివారమున అతడు ప్రసంగమునకు ఎన్నుకొనినది 46వ కీర్తన పదియవ వచనము. ఊరకుండి దేవుని దేవునిగా ఎరుగుటను గూర్చిన వచనమది! తన సేవకుని ఏమి చేయుటకైనను దేవునికి అధికారము కలదనియు, లోబడుట మనుష్యుని ధర్మమనియు అతడు బోధించెను. ఊరకుండుట యనగా చేతులు ముడుచుకొనుట కాదని సోమవారము మొదలుకొని అందరును చూచిరి. బూడిదలో దొరికిన అచ్చు దిమ్మలతో అక్షరములను మరల పోతపోయసాగిరి. పోయిన వ్యాకరణమును కేరీ మరల సిద్ధపరచగా, 1814లో అది వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరామపురములో అచ్చయ్యెను.

అదే 1814లో వేరొక పరీక్ష కలిగెను. బర్మాకు సువార్తికుడుగా పోయిన జ్యేష్ఠ కుమారుడు ఫీలిక్సు ఆ దేశపు రాజు కొలువులో చేరి, రాయబారియై ఆడంబరముతో కలకత్తాకు వచ్చెను. లోకము మెచ్చుకొనెను, తండ్రి హృదయము క్రుంగెను. కుమారుడు ఎక్కినది మెట్టు కాదు, దిగినదే మెట్టని అతడు ఎంచెను. ఫీలిక్సు పిమ్మట తిరిగి వచ్చి శ్రీరామపురపు పనిలో చేరి, 1822లో మరణించెను.

1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు శాసనమును బంగాళీలోనికి తర్జుమా చేయుటకై ఒక ఆదివారము ఉదయమున కేరీకి పంపిరి. ఆలస్యమైన కొలది ఏ విధవ చితి ఎక్కునోయని, ప్రసంగమును వేరొకరికి అప్పగించి సాయంకాలమునకు దానిని ముగించెను. లోకపు తొందరను ఎరుగనివాడు, ప్రాణమును రక్షించుటకు మాత్రము తొందరపడెను!

కలకత్తా వ్యాపార సంస్థలు 1830 ప్రాంతమున దివాలా తీయగా మిషను సొమ్ము చాల మునిగిపోయెను. కేరీ జీతమును తగ్గెను. అయినను అతని ధనము ఆ కోఠీలలో లేదు. వ్యాధిలో తనను చూడవచ్చిన అలెగ్జాండరు డఫ్‌తో, తన పోయిన తరువాత కేరీని గూర్చి గాక కేరీ రక్షకుని గూర్చియే మాటలాడవలెనని అతడు కోరెను. 1834 జూన్ 9న నిద్రించెను. ఒక కుమారునికి కొంత సొమ్ము ఇచ్చుటకు తన పుస్తకములను అమ్మవలెనని మరణశాసనములో వ్రాయవలసివచ్చెను.

ప్రియ చదువరీ, కేరీకి నీకంటె తీరిక ఎక్కువగా లేదు. మార్త చేతులు, మరియ హృదయము అతనియందు కలిసియుండెను. నీ డ్యూటీని విడువుమని ప్రభువు నిన్ను అడుగుటలేదు; నీ జీతము ఏ పెట్టెలో పడుచున్నదో, నీ సాయంకాలము ఎవరిదగుచున్నదో అడుగుచున్నాడు. ఈ రాత్రి షిఫ్టు ముగిసి ఇల్లు చేరినప్పుడు, ముందు నీ పిల్లలను దగ్గరకు పిలిచి, వారితోకూడ ఆ పాదములయొద్ద కొంచెము సేపు కూర్చుండుము. అగ్ని కాల్చజాలని, దివాలా ముంచజాలని ధనము అచ్చటనే దొరకును.