బొంబాయి తల్లుల ప్రాణాలు నిలిపిన డాక్టర్ లూసీ విల్స్

గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. దాని వెనుక ఒక బ్రిటిష్ డాక్టరమ్మ కష్టం ఉంది. పేద ముస్లిం ఆడవాళ్ల తిండి గురించి ఆమె వేసిన ప్రశ్న కూడా ఉంది.

లూసీ విల్స్ 1888లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర పుట్టారు. కేంబ్రిడ్జిలో చెట్టూచేమల శాస్త్రం చదివారు, ఆ తర్వాత లండన్‌లో వైద్యం చదివి 1920లో డాక్టరయ్యారు. 1928లో బొంబాయి వచ్చారు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు రక్తం బాగా తగ్గిపోయేది. ప్రాణాలు పోయేవి కూడా. ఇది మామూలు రక్తహీనత కాదు. రక్తకణాలు ఉబ్బి పెద్దవైపోయే రకం.

ఎవరు ఏం తింటున్నారో లూసీ ఆరా తీశారు. జబ్బు ఎక్కువగా కనిపించింది పేద ముస్లిం స్త్రీలలో. వాళ్ల తిండే అందరికంటే నాసిరకం. పండ్లు, కూరగాయలు, మాంసకృత్తులు అంతంతమాత్రమే. అదే తిండి ఎలుకలకు పెట్టి చూశారు. వాటికీ రక్తం తగ్గింది. కానీ ఆ ఎలుకలకు పేలు పట్టడంతో ఫలితం మీద అనుమానం వచ్చింది. అయినా వదల్లేదు, కోతుల మీద మళ్లీ మొదలుపెట్టారు. చివరికి ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవకైన నల్లటి ముద్ద పనిచేసింది. అది తిన్న గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఈ సంగతి లోకానికి చెప్పారు.

అందులో ఏముందో అప్పటికి తెలియదు కాబట్టి విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అదే బి9 విటమిన్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీలో పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

పాలకూర, తోటకూర, శనగలు, పెసలు, కమలాపండ్లలో ఈ విటమిన్ ఉంటుంది. అయితే నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు మరిగిస్తే పోతుంది. పాలక్ గోష్ట్‌లో మాంసం మెత్తగా ఉడికాక చివర్లో ఆకు వేసే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని మానుకోనక్కర్లేదు. ఆకు ఉడికించిన నీళ్లు పారబోస్తే మాత్రం సగం మేలు మోరీ పాలే.

లూసీ లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 1947 దాకా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1964లో కన్నుమూశారు.