కోడ్ ఛేదించిన ట్యూరింగ్

సినిమాలో హ్యాకర్ నాలుగు మీటలు నొక్కగానే శత్రువు గుట్టంతా తెర మీదికొస్తుంది. మేమూ ఈలలు వేసినవాళ్లమే. ఆ పని నిజంగా చేసిన అలాన్ ట్యూరింగ్ 1912లో లండన్‌లో పుట్టారు. తండ్రి, మన వేటపాలెం కూడా ఉన్న అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఐ.సి.ఎస్. అధికారి. అమ్మానాన్నలు ఇక్కడ, పిల్లలు అక్కడ పరాయి ఇంట్లో! తర్వాత బోర్డింగ్ స్కూలు. ఆ బెంగ ఎలాంటిదో మన హాస్టల్ వాళ్లకు వేరే చెప్పాలా? 1926లో స్కూలు తెరిచేనాటికి సమ్మెతో రైళ్లు ఆగిపోతే, పదమూడేళ్ల అలాన్ దాదాపు 100 కిలోమీటర్లు సైకిలు తొక్కి చేరుకున్నాడు. ఇక్కడి నుంచి విజయవాడ అంత దూరమన్నమాట.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా యంత్రం అమరిక రోజూ మారేది. పోలండు గణితవేత్తలు 1932లోనే దారి చూపారు. ట్యూరింగ్ 'బాంబ్' అనే యంత్రాన్ని రూపొందించి ఆ పనిని ముందుకు నడిపారు. 2014లో వచ్చిన 'ది ఇమిటేషన్ గేమ్' సినిమా ఆయన్నే ఎత్తి చూపింది గానీ, బ్లెచ్లీ పార్కులో వేలమంది పనిచేశారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. మా ఫిర్యాదల్లా అదే.

స్వలింగ సంబంధం నేరమని 1952లో ఆయన్ను శిక్షించారు. జైలు తప్పాలంటే హార్మోన్ మందులు తీసుకోవలసి వచ్చింది. రహస్య పనులకు దూరం పెట్టారు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సైనైడ్ విషంతో మరణించారు. యుద్ధంలో ఆయన చేసిన మేలు 1970ల దాకా జనానికి తెలియనే లేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2009లో.