తోటనగరపు మేస్త్రీ కాని మేస్త్రీ

ఊరి చివర ఇల్లు కట్టుకొనదలచినవాడు మొదట స్థలము ధర విచారించును. పిదప బడి యెంత దూరము, అంగడి యున్నదా, పనిచేయు చోటికి నడచి పోవచ్చునా యని విచారించును. ఈ ప్రశ్నలన్నిటికిని ఒక పట్టణమునే సమాధానముగా నిర్మింపబూనినవాడు ఎబెనీజర్ హోవర్డు. ఆయన శిల్పి కాడు, ఇంజనీరు కాడు. ధనికుడు అసలే కాడు.

1850 జనవరి 29వ తేదీన లండనులో ఒక మిఠాయి వర్తకుని యింట జన్మించెను. పదునైదేండ్లకే చదువు చాలించి గుమాస్తా అయ్యెను. ఇరువది యొకటవ యేట అమెరికా వెళ్లి నెబ్రాస్కాలో సేద్యము చేసెను గాని, అది సాగలేదు. కొంతకాలము షికాగోలో నుండి 1876లో స్వదేశమునకు మరలెను. పార్లమెంటు ప్రసంగములను షార్టుహ్యాండున వ్రాసికొను పనియే ఆయనకు కూడు పెట్టినది.

నాటి లండనులో కూలివాని సంపాదనలో గణనీయమైన భాగము ఇరుకుగది యద్దెకే పోవుచుండెను. పల్లెలో గాలి, వెలుతురు ఉన్నను పని లేదు. ఈ రెండింటి మేలును ఒకచోట కూర్చవలెనని 1898లో హోవర్డు ఒక గ్రంథము ప్రకటించెను. 6,000 ఎకరములలో 1,000 ఎకరములు ఊరికి, తక్కినవి సేద్యమునకు, జనసంఖ్య 32,000. నడుమ ఉద్యానము, దాని చుట్టు గ్రంథాలయము, ఆసుపత్రి మున్నగునవి. ఇండ్ల నడుమనుండి పోవు విశాలవీథిలో బడులు. ఊరి యంచున, రైలుమార్గము చెంత, కర్మాగారములు. అయితే ఈ పటము కంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. జనము చేరిన కొలది నేల విలువ పెరుగును గదా! ఆ పెరుగుదల భూస్వామికి గాక ఊరికే చెందవలెనని ఆయన పట్టుదల.

1903లో లండనుకు ఉత్తరమున లెచ్‌వర్తు వద్ద సుమారు 3,800 ఎకరములు కొని పని ప్రారంభించిరి. వాటాదారులకు నూటికి 5 కు మించి లాభము పంచరాదని నియమము. పార్కరు, అన్విన్ అను శిల్పులు ప్రతి యింటికి తోట యుండునట్లు పథకము వేసిరి. ఎవ్రీమాన్ గ్రంథమాలను ప్రచురించిన డెంటు సంస్థ ముద్రణాలయము ఇచటికే వచ్చెను. మన కళాశాలల బీరువాలలోని ఆ చిన్న పుస్తకములు పెక్కులు ఈ యూరివే. 1907లో తెరచిన సత్రమున మద్యము లేదు! హోవర్డు తాను కొంతకాలము ఉమ్మడి వంటశాల గల గృహసముదాయములో నివసించెను.

కాని లోటును దాచరాదు. 150 పౌనులకే కట్టవచ్చునని 1905లో చిన్న యిండ్ల ప్రదర్శన జరిపినను, మిక్కిలి పేదకూలీలకు అచటి యద్దెలు అందలేదు. వారు పొరుగూళ్లలోని పాత యిండ్లలో తలదాచుకొని, తోటనగరమునకు పనికి వచ్చి పోవుచుండిరి. ఎవరికై ఊరు తలపెట్టబడెనో వారే వెలుపల నుండిరి.

అయినను ఆయన వెనుదీయలేదు. 1919లో వెల్విన్ వద్ద భూములు వేలమునకు రాగా, చేతిలో చాలినంత ధనము లేకయే, మిత్రులవద్ద బయానా సొమ్ము కూడబెట్టి పాట పాడెను. అప్పటికి ఆయన వయస్సు అరువదితొమ్మిది! అట్లు రెండవ తోటనగరము వెలసెను. 1927లో సర్ బిరుదము లభించెను. 1928 మే 1వ తేదీన వెల్విన్‌లోని తన యింట కన్నుమూసెను. లెచ్‌వర్తులో సమాధి చేసిరి.

1960 ప్రాంతమున లెచ్‌వర్తు భూములను ఒక వ్యాపారసంస్థ చేజిక్కించుకొనజూడగా, ఊరివారు పోరాడి 1962లో పార్లమెంటుచే చట్టము చేయించుకొనిరి. 1995 నుండి ఆ భూములు ఒక ధర్మసంస్థ యధీనమున నున్నవి. వాని యాదాయము ఊరికే ఖర్చగుచున్నది.