పేర్లకు చిరునామాలు కూర్చిన పోస్టెల్

భద్రాచలం అడవుల అంచున ఉన్న ములకలపల్లి 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలోనిది. నాటి నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. ఊరు కదలలేదు, పేరు మారలేదు. చిరునామా మాత్రమే మారింది. కంప్యూటర్ల లోకంలో ఇటువంటి మార్పులు నిత్యం జరుగుతుంటాయి. అక్కడ చిరునామా అంటే అంకెల వరుస. పేరును ఆధారం చేసుకొని ఆ అంకెలను వెదకి పట్టుకొనే ఏర్పాటుకు పునాది వేసినవారిలో జోనాథన్ పోస్టెల్ ముఖ్యులు.

ఆయన 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి, 1974లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌లో తొలి సందేశం 1969 అక్టోబరు 29న ఆ విశ్వవిద్యాలయం నుండే వెలువడింది. విద్యార్థిగా ఆ బృందంలో ఉన్న పోస్టెల్, ఏ అవసరానికి ఏ సంఖ్యను కేటాయించారో రాసిపెట్టే పని చేపట్టారు. చూడడానికి అది గుమాస్తా పని. కాని ఒకే సంఖ్య ఇద్దరికి దక్కితే సందేశాలు దారి తప్పుతాయి. పొడుగాటి గడ్డంతో, చెప్పులతో తిరిగే ఆ నిరాడంబరుడు మరణించేవరకు ఆ లెక్కను విడువలేదు.

తొలి రోజులలో కంప్యూటర్ల పేర్లు, సంఖ్యలు అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దానిని నిర్వహించేది. ప్రతి కంప్యూటరూ దాని నకలు తెచ్చుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది మోయలేని భారమైంది. పోస్టెల్ ఈ సమస్యను సహోద్యోగి పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించగా, ఆయన 1983లో డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించారు.

దాని తీరు తపాలాను పోలినది. ములకలపల్లికి రాసిన ఉత్తరం ముందు రాష్ట్రానికి, పిదప జిల్లాకు, ఆ పిమ్మట ఊరికి చేరుతుంది. విద్యార్థి పరీక్షా ఫలితాల కొరకు 'డాట్ ఇన్'తో ముగిసే పేరును టైపు చేసినప్పుడు, అతని కంప్యూటర్ ఆ పేరును రిజాల్వర్ అనే సర్వరుకు పంపుతుంది. అది మొదట మూల సర్వరును అడుగుతుంది. మూల సర్వరుకు పూర్తి జవాబు తెలియదు. 'ఇన్' వివరాలు ఏ సర్వరు వద్ద ఉన్నాయో మాత్రమే చెబుతుంది. అది తరువాతి దానిని చూపుతుంది. చివరకు ఆ పేరు బాధ్యత వహించే సర్వరు అసలు సంఖ్యను అందిస్తుంది. రిజాల్వర్ ఆ జవాబును కొంత గడువు వరకు దాచుకొని, గడువు తీరాక మళ్ళీ అడుగుతుంది. కనుకనే చిరునామా మారినా పేరు చెల్లుతుంది. లోకంలోని పేర్లన్నీ ఏ ఒక్క సర్వరుకూ తెలియనవసరం లేకపోవడమే ఈ వ్యవస్థ బలం.

1984లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి పోస్టెల్ కామ్, ఎడ్యు, ఆర్గ్ వంటి పై మెట్టు పేర్లను ప్రకటించారు. దేశాలకు మాత్రం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలోని రెండక్షరాల సంకేతాలనే స్వీకరించారు. ఏది దేశం, ఏది కాదు అనే తగవులోకి దిగకపోవడం ఆయన విజ్ఞత. భారతదేశానికి 'ఇన్' 1989లో లభించింది.

ఇంటర్నెట్ వ్యాపారంగా మారాక ఆ లెక్కల మీద అధికారం ఎవరిదన్న వివాదం చెలరేగింది. 1998 జనవరిలో పోస్టెల్ ఎనిమిది మూల సర్వర్ల నిర్వాహకులకు లేఖ రాసి, ప్రభుత్వ ఒప్పందంపై ఒక కంపెనీ నడిపే సర్వరును కాక తమ సర్వరును అనుసరించమని కోరారు. వారు అట్లే చేశారు. అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. పోస్టెల్ దానిని ప్రయోగమని చెప్పి, పూర్వస్థితికి తెచ్చారు. ఒక్క మనిషి మాటకు అంత విలువ ఉండడం గౌరవమే కావచ్చు, ప్రమాదం కూడ. ఆ బాధ్యతను వ్యక్తి నుండి సంస్థకు మార్చడానికి అదే సంవత్సరం సెప్టెంబరు 30న ఐకాన్ ఏర్పడింది. దాని పని కుదుటపడడం చూడకుండానే, గుండె శస్త్రచికిత్స తరువాత తలెత్తిన సమస్యలతో పోస్టెల్ అక్టోబరు 16న 55 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

తెలుగు లిపిలో రాసిన 'భారత్' 2011లో ఆ మూల జాబితాలో చేరింది.