ఆంధ్ర నాటక పితామహుడు

అనంతపురము ప్రాంతము వానకు మొగము వాచిన మెట్టసీమ. అందలి ధర్మవరమున 1853లో రామకృష్ణమాచార్యులుగారు జన్మించిరి. ఆయన యౌవనమున, 1876–78 సంవత్సరములలో, ధాత కరువు ఆ సీమలో ఇంటింట కన్నీరు నింపెను.

బళ్ళారి పట్టణమున న్యాయవాద వృత్తి ఆయనకు జీవనోపాధి; నాటకము ప్రాణము. 1886లో సరస వినోదినీ సభను స్థాపించి, నాటకములు తానే వ్రాసి, తోడివారికి నేర్పి, తానును వేషము ధరించెడివారు. న్యాయస్థానమున వాదించిన గొంతే రంగస్థలమున పద్యము పాడెడిది.

నాటకము శుభముగా ముగియవలెననుట పూర్వాచారము. ఆచార్యులుగారు ‘విషాద సారంగధర’మున ఆ కట్టుబాటును దాటిరి. విచారణ లేక తీర్పు చెప్పిన తండ్రి, నిరపరాధియైన కుమారుడు. వారి కథను విషాదముగనే ముగించిరి. తెలుగు రంగమునకు అది క్రొత్త త్రోవ.

1912లో ఆయన దివంగతులైరి. ఆయన వెలిగించిన రంగదీపమును మేనల్లుడు బళ్ళారి రాఘవ ఆరనీయలేదు.