పరీక్షకు పెద్దపీట వేసిన సతీష్ ధవన్

మన ఊరివారు సాంచాలని పిలుచు మరమగ్గముల చప్పుడు టెంఘర్ బాలబాలికలకు జోలపాట వంటిది. బట్ట నేయుటకు మునుపే పడుగుపోగులను సరిచూచుకొనవలెనని వారి తల్లిదండ్రులు ఎరుగుదురు. పోగు తెగినచో మగ్గమును ఆపి అతుకవచ్చును. చంద్రునివద్దకు ఒంటరిగా పోవు యంత్రనౌకలో లోపము కలిగినచో అతుకువారెవ్వరు? కావున పరీక్షలన్నియు భూమిమీదనే ముగియవలెను. పరీక్షకు అంతటి విలువనిచ్చిన సతీష్ ధవన్ గారి చరిత్రను ఇచ్చట తెలుపుచున్నాము.

వీరు 1920 సెప్టెంబరు 25న శ్రీనగరములో జన్మించిరి. లాహోరులో గణిత, భౌతికశాస్త్రములతోపాటు ఆంగ్ల సాహిత్యమును, యంత్రశాస్త్రమును అభ్యసించిరి. అమెరికాలో పరిశోధన ముగించి, 1951లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరిరి. అచ్చట ధ్వనికంటె వేగముగా గాలి వీచు సొరంగమును నిర్మించి, ఎగురు యంత్రముల నమూనాలను నేలమీదనే పరీక్షించు మార్గమును చూపిరి. 1972లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు అధ్యక్షులైరి.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి మన తొలి ఉపగ్రహ వాహకనౌక ఎస్.ఎల్.వి.-3 పైకి లేచెను. రెండవ అంచెను అదుపుచేయు ఏర్పాటులో ఒక కవాటము కారుటచే అది బంగాళాఖాతమున కూలిపోయెను. ఆ పనికి నాయకులు అబ్దుల్ కలాం గారు. అయినను ధవన్ గారు తామే పత్రికలవారి యెదుట నిలిచి, అపజయభారమును తమపై వేసికొనిరి. లోపము తెలిసికొని, సవరించి, 1980 జులై 18న మరల ప్రయోగింపగా జయము కలిగెను. ఆనాడు మాత్రము వారు వెనుకకు తగ్గి, కలాం గారినే మాట్లాడ పంపిరి.

ధవన్ గారు 2002 జనవరి 3న దివంగతులైరి. ఆ యేడే శ్రీహరికోట కేంద్రమునకు వారి పేరిడిరి. అచ్చటినుండి 2019లో పోయిన చంద్రయాన్-2 నౌకలోని దిగుడు యంత్రము చంద్రునిపై కూలిపోయెను. మన శాస్త్రజ్ఞులు లోపములను వెదకి, చంద్రయాన్-3 కొరకు కొత్త పరీక్షలు జరిపిరి. దిగుడు యంత్రపు నమూనాను హెలికాప్టరునుండి వ్రేలాడదీసి దాని చూపును, క్రేనుకు కట్టి దాని ఇంజనులను పరీక్షించిరి. చంద్రుని మన్నును పోలిన మన్నుపై దాని కాళ్ల దార్ఢ్యమును చూచిరి. 2023 ఆగస్టు 23న అది చంద్రునిపై మెల్లగా దిగెను.

విద్యార్థులారా, తప్పిన లెక్కను దాచకుడు. తల్లిదండ్రులారా, తప్పును తానే తెచ్చి చూపిన బిడ్డను కసరకుడు. నిందకు వెరచినవాడు లోపమును దాచును. దాగిన లోపము నడిమి దారిలో బయటపడును. ధవన్ గారి జీవితమునుండి మేము నేర్చినది ఇదియే.